పాత ఆటోమేటిక్ కారులో గేరు ఆలస్యంగా మారుతోందా? గేర్‌బాక్సు దించే ముందు చూడవలసినవి

అమ్మా, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ నాన్నగారి నుంచి వచ్చిన కారు 1996 నాటి మెర్సిడెస్ ఇ220, డబ్ల్యూ124 బాడీ (ఆ తరం కారుకు కంపెనీ పెట్టిన కోడు), పెట్రోల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. అనంతపురంలో థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) శుభ్రం చేయించిన తర్వాత మూడో గేరు నుంచి నాలుగో గేరుకు 80, 85 కిలోమీటర్ల వేగం దాటితే గాని మారడం లేదు. యాక్సిలరేటర్ మీద నుంచి పాదం ఎత్తితే మాత్రం వెంటనే మారుతోంది. మళ్లీ అదే గ్యారేజీకి వెళితే గేర్‌బాక్సు పక్కన ఏదో తిప్పారు. ఆలస్యం తగ్గలేదు సరికదా, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు గట్టి కుదుపు మొదలైంది. ఇప్పుడు గేర్‌బాక్సు దింపి ఓవర్‌హాల్ చేయాలంటున్నారు. అంతకంటే ముందు కేబుల్ కాస్త వదులు చేసి చూడవచ్చా అన్నది మీ ప్రశ్న.

చూడవచ్చు. కాని దానికంటే ముందు చేయవలసినవి ఉన్నాయి. ఈలోగా గేర్‌బాక్సును మాత్రం దించనివ్వకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపల ఏదీ అరిగినట్టు నాకు అనిపించడం లేదు. ఎందుకో చెబుతాను.

నేను పని నేర్చుకున్నది, ఎక్కువ కాలం చేసింది కువైట్‌లో. ఇప్పుడు కడపలో ఉంటున్నాను. కువైట్‌లో మాన్యువల్ గేరు కారు కనిపించడమే అరుదు, అందువల్ల రాయచోటి, రాజంపేట వైపు నుంచి వెళ్లిన మావాళ్లకు షెవ్రొలే కాప్రిస్‌లు, పాత మెర్సిడెస్‌లు చేతికి బాగా అలవాటయ్యాయి. ఇక్కడి మెకానిక్కులను నేను తప్పుపట్టను. క్లచ్ ప్లేటు శబ్దం విని ఎంత అరిగిందో చెప్పగలిగినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. కాని ఈ తరం ఆటోమేటిక్‌లు మన వైపు ఎన్ని తిరిగాయి? చూడని దాన్ని తిప్పి చూడాలనిపించడం సహజం. ఇబ్బంది ఎక్కడంటే, తిప్పే ముందు అది ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోరు.

మీ కారులో గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించేది కంప్యూటర్ కాదు, ఆయిల్ ఒత్తిడి. గేర్‌బాక్సు లోపల రెండు ఒత్తిళ్లు ఎదురెదురుగా పనిచేస్తుంటాయి. ఒకటి బండి వేగాన్ని పసిగట్టే గవర్నర్ అనే భాగం నుంచి వచ్చేది. బండి వేగం పెరిగే కొద్దీ అది పెరుగుతుంది, పైగేరుకు వెళ్లమని తోస్తుంది. రెండోది మీ పాదం నుంచి వచ్చేది. యాక్సిలరేటర్ ఎంత నొక్కితే అంత పెరుగుతుంది, ఇప్పుడే వద్దు, ఇంకా లాగాలి అని ఆపుతుంది. మధ్యలో స్ప్రింగుతో ఉన్న షిఫ్ట్ వాల్వ్ ఎటు ఒత్తిడి ఎక్కువైతే అటు జరుగుతుంది. గవర్నర్ వైపు గెలిచిన క్షణమే గేరు మారుతుంది. మెల్లగా నడిపితే తక్కువ వేగంలో, గట్టిగా నొక్కితే ఎక్కువ వేగంలో గేరు మారడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ మాటకు వస్తాను. పాదం ఎత్తగానే నాలుగో గేరు పడుతోందన్నారు. అంటే గవర్నర్ తన పని చేస్తోంది, షిఫ్ట్ వాల్వ్ ఇరుక్కుపోలేదు, నాలుగో గేరుకు కావలసిన క్లచ్‌లు పట్టుకుంటున్నాయి. ఆపుతున్నది పాదం వైపు ఒత్తిడి ఒక్కటే. మీరు కొద్దిగా నొక్కినా గేర్‌బాక్సుకు బాగా నొక్కినట్టు సమాచారం వెళుతోంది. ఆ సమాచారాన్ని తీసుకువెళ్లేది థ్రాటిల్ లింకేజీ దగ్గర మొదలై గేర్‌బాక్సులోకి దిగే సన్నని కేబుల్. దాన్ని కంట్రోల్ ప్రెషర్ కేబుల్ అంటారు. ఈ బాధ థ్రాటిల్ బాడీ విప్పి బిగించిన తర్వాతే మొదలైందని కూడా మీరే రాశారు. ఆ కేబుల్ కొన ఉండేది అక్కడే.

ఇక కుదుపు సంగతి. అది వేరే విషయం, దాని పరికరం కూడా వేరు. మెర్సిడెస్ వాళ్లు ఈ తరం గేర్‌బాక్సుల్లో రెండు బాధ్యతలను విడగొట్టారు. గేరు ఎప్పుడు మారాలన్నది కేబుల్ చూసుకుంటుంది. ఎంత మెత్తగా లేదా ఎంత గట్టిగా మారాలన్నది వ్యాక్యూమ్ మాడ్యులేటర్ చూసుకుంటుంది. గేర్‌బాక్సు పక్కన రబ్బరు పైపు వచ్చి తగిలే గుండ్రటి డబ్బా ఉంటుంది, అదే మాడ్యులేటర్. ఇంజన్ పీల్చే శక్తిని బట్టి అది లోపలి ఒత్తిడిని పెంచుతుంది, తగ్గిస్తుంది. మీ గ్యారేజీ వాళ్లు తిప్పింది దీన్నే అయి ఉంటుంది. ఆలస్యం తగ్గలేదు, కుదుపు వచ్చింది. ఎప్పుడు అన్న జబ్బుకు ఎలా అన్న మందు వేశారు. ఇప్పుడు ఆ రెండూ విడివిడిగా సరిచేయాలి.

ముందు ఆయిల్. ఈ కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ ఉంటుంది. మన వేడి ప్రాంతంలో ఎక్కువగా పొరపాటు జరిగేది దాని దగ్గరే. ఆయిల్ మట్టాన్ని కారు సమతలం మీద ఉంచి, ఇంజన్ నడుస్తుండగా, లివర్ ‘పి’ (పార్కింగ్)లో పెట్టి చూడాలి. డిప్‌స్టిక్ మీద కనిష్ఠ, గరిష్ఠ గుర్తులు ఆయిల్ దాదాపు 80 డిగ్రీలు ఉన్నప్పటికి వేసినవి. 20, 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చూస్తే, మట్టం కనిష్ఠ గుర్తుకు ఇంకా 30 మిల్లీమీటర్లు కిందే ఉండాలి. ఉదయాన్నే చూసి, తక్కువగా ఉందని గరిష్ఠ గుర్తు దాకా నింపితే, బండి వేడెక్కేసరికి ఆయిల్ ఎక్కువై నురగ కడుతుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి నలుగుతుంది కాబట్టి ఒత్తిడి నిలవదు. ఆ తర్వాత ఏ స్క్రూ తిప్పినా ప్రయోజనం ఉండదు. కనిష్ఠం నుంచి గరిష్ఠానికి తేడా దాదాపు 0.3 లీటరే, గరాటులో చూసుకుంటూ కొద్దికొద్దిగా పోయాలి. డిప్‌స్టిక్‌ను నూలు పోగులు రాలే పాత గుడ్డతో తుడవవద్దు. ఒక్క పోగు వాల్వ్ బాడీలోకి, అంటే షిఫ్ట్ వాల్వులు ఉండే భాగంలోకి వెళ్లినా చాలు, అవి పట్టేస్తాయి.

రంగు, వాసన కూడా చూడండి. ఎర్రగా ఉంటే మంచిది. కొంత గోధుమ రంగుకు తిరిగితే మార్చే సమయం వచ్చింది. నల్లబడి మాడిన వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలాయని అర్థం, అప్పుడు నేను చెబుతున్న ఈ సర్దుబాట్లేవీ పనికిరావు. పాలు కలిపినట్టు గులాబీ రంగులోకి మారితే బండిని వెంటనే ఆపేయండి. ఆయిల్ చల్లబడే గొట్టం రేడియేటర్ లోపలి నుంచే వెళుతుంది, అక్కడ చిల్లుపడి నీళ్లు కలిశాయన్నమాట. మార్చవలసి వస్తే డెక్స్‌రాన్ రకం ఆయిల్ అడగండి. ఈ గేర్‌బాక్సుల్లో టార్క్ కన్వర్టర్‌కు (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిల్‌తో శక్తిని అందించే భాగం) కూడా విడిగా డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. అది విప్పకుండా కింది పాన్ ఒక్కటే ఖాళీ చేస్తే పాత ఆయిల్ చాలావరకు లోపలే ఉండిపోతుంది. ఇది మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి.

రెండోది వ్యాక్యూమ్. మాడ్యులేటర్‌కు వచ్చే పైపు చివర మోచేయిలా వంగిన చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని రబ్బరు మోచేయి అంటాం. సైలెన్సర్ వేడికి, మన ఎండలకు అది పెళుసెక్కి పగులుతుంది. వ్యాక్యూమ్ అందకపోతే మాడ్యులేటర్ ఇంజన్ మీద ఎప్పుడూ భారం ఉందనుకుని ఒత్తిడి పెంచేస్తుంది, ప్రతి గేరూ కుదుపుతో పడుతుంది. కాబట్టి మీ కుదుపుకు ఎవరూ ఏమీ తిప్పనక్కరలేకుండానే ఈ మోచేయి కారణమై ఉండవచ్చు, పని చేస్తుండగా విరిగి ఉండవచ్చు. పైపు ఊడదీసి లోపల ఎర్రని ఆయిల్ తడి ఉందేమో చూడండి. ఉంటే మాడ్యులేటర్ లోపలి పొర చిరిగింది. ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చి కాలుస్తుంటుంది. కింద చుక్క కారకుండానే మట్టం తగ్గుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వస్తుంది. అప్పుడు మాడ్యులేటర్ మార్చడం తప్ప దారి లేదు.

వ్యాక్యూమ్ గేజి దొరికితే కొలవండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్ ఐడిల్‌లో (బండి నిలిచి, పాదం తీసి ఉన్నప్పుడు) సముద్రమట్టం దగ్గర పాదరసం లెక్కన 17 నుంచి 21 అంగుళాల వరకు చూపిస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. అనంతపురం దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి ఒక అంగుళం తక్కువ కనిపిస్తే కంగారుపడవద్దు. సూది వణుకుతున్నా, మరీ తక్కువ చూపిస్తున్నా లోపం ఇంజన్‌లో ఉంది. ఇంజన్ బలహీనంగా ఉంటే మీరు తెలియకుండానే పాదం ఎక్కువ నొక్కుతారు, గేరు ఆలస్యమవుతుంది, నింద గేర్‌బాక్సు మీద పడుతుంది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చూడకుండా గేర్‌బాక్సు జోలికి పోవడం నాకు నచ్చదు.

మూడోది లింకేజీ. అసలు విషయం ఇక్కడే ఉందని నా గట్టి అనుమానం. ఇంజన్ ఆపి, ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా పూర్తిగా నొక్కాలి. మరొకరు బానెట్ కింద చూడాలి. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి, వదిలినప్పుడు పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో ఎక్కడా పట్టకూడదు. కీళ్ల దగ్గరి ప్లాస్టిక్ బుష్‌లు అరిగితే లింకేజీ వదులై ఊగుతుంది. తర్వాత గేర్‌బాక్సు కేబుల్ కొనను దాని బంతి కీలు నుంచి విడదీసి, చేత్తో మెల్లగా లాగి వదలండి. తనంతట తాను వెనక్కి జారాలి. తొడుగులో దుమ్ము చేరి, లేదా కేబుల్ ఎక్కడైనా మడతపడి పట్టేస్తే, మీరు పాదం తగ్గించినా గేర్‌బాక్సుకు పాత ఒత్తిడే అందుతుంది. అలా ఉంటే కొత్త కేబుల్ వేయడమే సరి. ఇంజన్ ఆయిల్ పోస్తే రెండు వారాలు బాగుంటుంది, తర్వాత దుమ్ముతో కలిసి ముద్ద కడుతుంది. థ్రాటిల్ బాడీ తిరిగి బిగించినప్పుడు ఈ కేబుల్‌ను వేరే దారిన వంచి పెట్టారేమో కూడా చూడండి. ఇంజన్ మౌంటింగులు కుంగినా కేబుల్ బిగువు మారుతుంది, ఇంత వయసున్న కారులో అది అసాధారణం కాదు.

కిక్‌డౌన్ స్విచ్ సంగతి కూడా చూసుకోవాలి. పెడల్ చివరిదాకా నొక్కితే తగిలి, కిందిగేరు వేయించే విద్యుత్ స్విచ్ అది. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, పెడల్ అడుగుకంటా నొక్కితే గేర్‌బాక్సు దగ్గర టక్కుమని వినిపించాలి. ఆ స్విచ్ ఇరుక్కుపోతే ఎప్పుడూ పూర్తిగా నొక్కినట్టే బండి నడుస్తుంది, ఆలస్యం మీరు చెప్పినదానికంటే చాలా ఎక్కువగా ఉంటుంది. మీ విషయంలో అది కాదనే అనుకుంటున్నాను. లివర్ పక్కన ‘ఎస్’, ‘ఇ’ అని మీట ఉన్న మోడల్ అయితే ఎటు ఉందో చూసుకోండి. ‘ఎస్’లో గేర్లు ఆలస్యంగా మారడం సహజం.

ఇంకో సంగతి. ఉదయం మొదటి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే ఆలస్యమై, తర్వాత సర్దుకుంటే అది లోపం కాకపోవచ్చు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. కన్వర్టర్ ఉన్న కొన్ని కార్లలో అది త్వరగా వేడెక్కాలని, ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు పైగేరును కావాలనే ఆలస్యం చేసే ఏర్పాటు పెట్టారు. మీకు రోజంతా ఇలాగే ఉందన్నారు కాబట్టి మీకు ఇది వర్తించదు. చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

ఇక సర్దుబాటు. మొదట బండిని ఒక ఇరవై కిలోమీటర్లు నడిపి గేర్‌బాక్సు వేడెక్కనివ్వాలి. ఆదివారం తెల్లవారుజామున రద్దీ లేని సమతలమైన రోడ్డు ఎంచుకోండి. గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి బాగుంటుంది గాని లారీల మధ్య స్పీడోమీటర్ చూస్తూ నడపడం ప్రమాదం, పక్కన ఒకరు కూర్చుని అంకెలు రాసుకోవాలి. మూడు రకాలుగా నడపండి: పాదం తాకీ తాకనట్టు, సగం నొక్కి, పూర్తిగా నొక్కి. ఒక్కో రకానికి ఏ వేగంలో ఏ గేరు పడిందో రాయండి. తేలికపాటి పాదంతో మాత్రమే ఆలస్యమై, పూర్తిగా నొక్కినప్పుడు సాధారణంగా ఉంటే కేబుల్ వైపే లోపం. మూడింటిలోనూ ఒకే తీరుగా ఆలస్యమైతే, పాదం ఎత్తినా మారకపోతే గవర్నర్‌ను అనుమానించాలి. మీ మోడల్‌కు వర్క్‌షాప్ పుస్తకంలో ఉన్న పట్టికే తుది మాట. నా చేతి లెక్క ఒకటుంది: సమతలం మీద మెత్తని పాదంతో 60 లోపు నాలుగో గేరు పడకపోతే నేను ఒప్పుకోను.

కేబుల్ ఇప్పుడున్న స్థితిని ఫోనులో ఫొటో తీసి, సర్దుబాటు నట్టు మీద పెయింటుతో గీత పెట్టండి. తర్వాత ఈ తరం పెట్రోల్ కార్లలో పద్ధతి ఇది. థ్రాటిల్ పూర్తిగా మూసి ఉండగా, కేబుల్ కొనను బంతి కీలు నుంచి తీసి, స్వల్పమైన అడ్డు తగిలేదాకా మాత్రమే లాగాలి. అక్కడ ఆపి చూస్తే కేబుల్ కొనన ఉన్న గిన్నె సరిగ్గా బంతి మీద కూర్చోవాలి. లాగి పెట్టవలసి వస్తే కేబుల్ బిగువుగా ఉంది, గేర్లు ఆలస్యమవుతాయి. జారుతూ వేలాడితే వదులుగా ఉంది, గేర్లు తొందరపడతాయి. మీది లాగి పెట్టినట్టే ఉంటుందని నా అంచనా. అడ్డు తగిలే చోటికి గిన్నె చేరేలా సర్ది, మళ్లీ అదే రోడ్డు మీద అవే మూడు రకాలుగా నడిపి చూడండి. ఆ తర్వాత ఇంకా తేడా కావాలంటే నట్టును ఒక్కో చుట్టు చొప్పున మాత్రమే తిప్పాలి, ప్రతిసారీ బండి నడిపి చూడాలి. త్వరగా గేరు పడితే పెట్రోల్ మిగులుతుందని మరీ వదులు చేయవద్దు. నాలుగో గేరులో ఇంజన్ మూలుగుతుంది, ఓవర్‌టేక్ చేయాలనుకున్నప్పుడు కిందిగేరు పడదు. ధర్మవరం రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తుండగా అది తెలియడం మంచిది కాదు.

కేబుల్ కుదిరిన తర్వాతే మాడ్యులేటర్ దగ్గరకు వెళ్లాలి. పైపు తీసి, రబ్బరు మూత తొలగిస్తే ‘టి’ ఆకారంలో చిన్న పిడి కనిపిస్తుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఒత్తిడి పెరిగి గేరు గట్టిగా పడుతుంది. ఎదురు వైపు తిప్పితే మెత్తబడుతుంది. గ్యారేజీ వాళ్లు ఎన్ని చుట్లు తిప్పారో అడగండి, నిజం చెబితే అన్నే వెనక్కి తిప్పడం సులువు. చెప్పకపోతే సగం చుట్టు చొప్పున మెత్తవైపు తెచ్చుకుంటూ రోడ్డు మీద చూడాలి. హద్దు ఎక్కడ? రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి వట్టిగా హుంకరించి ఆ తర్వాత గేరు పట్టుకుంటే మరీ మెత్తబడిందని లెక్క. ఆ క్షణంలో క్లచ్ జారుతోంది, కాలుతోంది. వెంటనే కొంత వెనక్కి తిప్పండి. నా మట్టుకు నేను కొద్దిగా గట్టిగా పడే గేరునే ఇష్టపడతాను. ప్రయాణికుడికి కాస్త తెలిసినా గేర్‌బాక్సు ఎక్కువ కాలం బతుకుతుంది. కారు కిందికి దూరే ముందు స్టాండ్లు పెట్టండి, జాకీని మాత్రమే నమ్మవద్దు. సైలెన్సర్ అక్కడే ఉంటుంది, చేయి కాలుతుంది.

ఇదంతా మెర్సిడెస్‌కు చెప్పిన మాట. ఈ జవాబు చూసి వేరే కారులో కేబుల్ వదులు చేయబోయేవాళ్లకు ఒక హెచ్చరిక ఇవ్వాలి. జనరల్ మోటార్స్ 700ఆర్4 గేర్‌బాక్సులోను, పాత టయోటా ఆటోమేటిక్‌లలోను ఆ కేబుల్ గేరు మారే సమయాన్ని మాత్రమే కాదు, క్లచ్‌లను పట్టి ఉంచే ఒత్తిడిని కూడా నిర్ణయిస్తుంది. దాన్ని వదులు చేస్తే గేరు మెత్తగా, త్వరగా పడుతూ బండి ఎంతో బాగున్నట్టు అనిపిస్తుంది, లోపల క్లచ్‌లు జారి మాడిపోతుంటాయి. కేబుల్ ఊడిపోయిన కాప్రిస్‌ను అలాగే ఇంటిదాకా నడుపుకుని వెళ్లి, మర్నాడు గేర్‌బాక్సు మార్పించుకున్నవాళ్లను కువైట్‌లో చూశాను. టయోటాలో కొలత స్పష్టం: థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచినప్పుడు, కేబుల్ రబ్బరు తొడుగు చివరికీ, కేబుల్ మీద బిగించిన చిన్న లోహపు ఆపుకూ మధ్య సందు 0 నుంచి 1 మిల్లీమీటరు ఉండాలి. అంతకు మించి ప్రయోగాలు వద్దు. కంప్యూటర్‌తో గేర్లు మార్చే తర్వాతి తరం కార్లకు, 2014లో మారుతి సెలేరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ కార్లకు (మాన్యువల్ గేర్‌బాక్సులోనే క్లచ్, గేర్లను యంత్రం మార్చేవి) ఇదేదీ వర్తించదు.

ఓవర్‌హాల్ ఎప్పుడు ఒప్పుకోవాలంటారా? పాన్ విప్పినప్పుడు అడుగున బూడిదరంగు సన్నని పొడి కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. లోహపు తునకలు, క్లచ్ పొర ముక్కలు ఉంటే ఒప్పుకోండి. వెచ్చగా ఉన్న బండిలో ‘డి’ వేశాక కదలడానికి రెండు మూడు సెకన్లు పడుతున్నా, నడుస్తుండగా గేరు జారుతున్నా ఒప్పుకోండి. ఈ లక్షణాల్లో ఒక్కటీ మీరు రాయలేదు. గేర్‌బాక్సు మీద ఒత్తిడి కొలిచే రంధ్రాలు ఉంటాయి, వాటికి గేజి బిగించి అంకె చూపించమని అడగండి. గేజి లేని గ్యారేజీలో ఈ గేర్‌బాక్సు విప్పించవద్దు. మీకు బెంగళూరు దగ్గర కాబట్టి కేబుల్, మాడ్యులేటర్, రబ్బరు మోచేయి జేసీ రోడ్డు విడిభాగాల దుకాణాల్లో వెతకవచ్చు. వెళ్లేటప్పుడు గేర్‌బాక్సు పక్కన ఉన్న 722తో మొదలయ్యే నంబరు రాసుకుని వెళ్లండి. ఒకే మోడల్ కారులో రెండు రకాల గేర్‌బాక్సులు వచ్చిన సందర్భాలున్నాయి, మాడ్యులేటర్లూ ఒకటి కావు.

ముందు ఆయిల్ మట్టం వేడిగా ఉన్నప్పుడు చూడండి, కేబుల్ కొన ఫొటో తీయండి, మూడు రకాలుగా నడిపిన వేగాలు రాయండి. ఏదీ తిప్పకుండానే ఆ మూడూ నాకు పంపితే, నట్టు ఎటు తిప్పాలో చెబుతాను.